చలిలో ట్రైలర్ వంట: అపోహలు - వాస్తవాలు

అక్టోబరు వచ్చిందంటే అమెరికాలోని డెన్వర్‌లో, కారు వెనక తగిలించుకుని వెళ్లే చక్రాల ఇళ్లలాంటి మా ట్రైలర్ల యార్డులో ఒకటే ప్రశ్న. అద్దెకు తీసుకుని ఎస్టెస్ పార్క్ కొండల వైపు వెళ్లే మనవాళ్లకు తాళాలిచ్చి, ఏది ఎలా వాడాలో నేనే చూపిస్తుంటాను. స్టవ్ దగ్గరికి రాగానే ఎవరో ఒకరు అడుగుతారు: “అన్నా, రాత్రి మరీ చలేస్తే ఓవెన్ వెలిగించి తలుపు తెరిచిపెట్టుకోవచ్చుగా? ట్రైలర్‌ను వెచ్చబెట్టే ఫర్నేస్ వేస్తే బ్యాటరీ దిగిపోతుందట.” ఎవరు చెప్పారంటే, వాట్సాప్ గ్రూపులో వచ్చింది అంటారు.

పెట్టుకోకూడదు. మిగతా అపోహలతో మహా అయితే కేకు పాడవుతుంది. దీంతో మనుషులు పోతారు.

ఫర్నేస్ మంట మూసి ఉన్న పెట్టెలో కాలుతుంది. దానికి కావలసిన గాలిని బయటి నుంచే లాక్కుంటుంది, కాలిన వాయువును బయటికే వదులుతుంది. మీ దగ్గరికి వచ్చేది వేడిగాలి మాత్రమే. స్టవ్, ఓవెన్ అలా కాదు. మీరు పీల్చే గాలితోనే అవీ మండుతాయి, వదిలేదంతా మీ మధ్యకే వదులుతాయి. చలికి కిటికీలు, పైనున్న వెంటు బిగించేసి ఆ ఇరుకులో గంటల తరబడి మంట పెడితే ఆక్సిజన్ తగ్గుతుంది, గ్యాస్ సరిగా కాలదు, కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. “లీకైతే వాసన వస్తుందిగా” అంటారు. ఆ వాసన ట్రైలర్‌లో వాడే గ్యాస్, అంటే ప్రొపేన్‌లో, లీకు తెలియాలని కలిపే మెర్‌క్యాప్టన్ అనే రసాయనానిది. కార్బన్ మోనాక్సైడ్‌కు రంగూ లేదు, వాసనా లేదు. పైగా రక్తంలోని హిమోగ్లోబిన్‌ను అది ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. గాలిలో కొంచెమే ఉన్నా ఒంట్లో పేరుకుపోతుంది. మంట పసుపుగా ఉంటే ఏదో తేడా ఉన్నట్టే, కానీ నీలంగా ఉంది కదా అని ధీమాగా పడుకోవద్దు.

బయట బొగ్గుల మీద చికెన్ కాల్చుకుని, ఆ గ్రిల్లును చలి కాచుకోవడానికి లోపలికి తెచ్చుకోవడం ఇంకా ఘోరం. నివురు కప్పిన బొగ్గులు కూడా ఆ విషవాయువును వదులుతూనే ఉంటాయి. “ఊళ్లో కుంపటి పెట్టుకునేవాళ్లం, ఏమీ కాలేదే?” అని ఒక పెద్దాయన నాతో వాదించారు. ఆ పెంకుటిళ్లకు అన్ని వైపులా సందులే కదండీ.

దీనికి తోడు పోపు గొడవ ఒకటి. ఎండుమిర్చి వేయగానే పైనున్న స్మోక్ అలారం కుయ్యోమంటుంది. దాంతో ట్రైలర్‌లో అరిచేవన్నీ ఉత్తుత్తికే అరుస్తాయని మనవాళ్లు తేల్చేసుకుంటారు. కార్బన్ మోనాక్సైడ్ అలారం వేరు, అది పోపు పొగకు అరవదు. మూడు మూడు బీప్‌లుగా వస్తే పొగ, నాలుగు నాలుగుగా వస్తే కార్బన్ మోనాక్సైడ్. ఎప్పుడో ఒకసారి ‘చిక్’ అంటే బ్యాటరీ అయిపోవచ్చింది, లేదా డబ్బాకే కాలం తీరింది. వెనకాల తేదీ చూడండి.

ఒక రాత్రి కొండ మీద నుంచి ఒకబ్బాయి ఫోన్ చేశాడు. గుంటూరు నుంచి వచ్చిన అత్తగారికి తలనొప్పి, వాంతులు. “ఎత్తు పడట్లేదన్నా, మీ కిట్‌లో మాత్రలేమైనా ఉన్నాయా?” పిల్లలకెలా ఉందని అడిగితే వాళ్లకూ తల తిరుగుతోందన్నాడు. మరి అలారం? “సాయంత్రం నుంచి అరుస్తుంటే టవల్ చుట్టామన్నా, పోపుకేమో అనుకున్నాం.” ముందు అందరూ బయటికి రండి, ఎమర్జెన్సీ నంబరు 911కి ఫోన్ చేయండి అన్నాను. ఫైర్ వాళ్లు వచ్చి, లోపల గాలి కొలిచి, అందరికీ ఆక్సిజన్ పెట్టారు. క్షేమంగా బయటపడ్డారు. ఓవెన్ తలుపు తెరిచే ఉందట. ఆ అబ్బాయిని తిట్టడానికి నాకు నోరు రాలేదు. పెద్దావిడ వణుకుతుంటే చూడలేక చేసిన పని అది.

ఎత్తు పడకపోయినా, ఈ విషవాయువు ఎక్కినా లక్షణాలు ఒకటే: తలనొప్పి, వికారం, నీరసం. ఇంటిల్లిపాదికీ ఒకేసారి మొదలైనా, బయటి గాలికి తగ్గినట్టనిపించినా అది విషవాయువే అనుకోండి, మళ్లీ లోపలికి వెళ్లకండి.

ఇక బ్యాటరీ సంగతి. ఫర్నేస్ ఫ్యాన్ బ్యాటరీని లాగే మాట నిజమే. క్యాంప్‌గ్రౌండ్‌లో ట్రైలర్ నిలిపేందుకు కరెంటు కనెక్షన్ ఉన్న సైటు తీసుకుంటే ఆ టెన్షన్ ఉండదు. నాలుగు డాలర్లు ఎక్కువైనా చలికాలం అదే తీసుకోండి.

వంట చేసేటప్పుడు కూడా వెంటు, ఒక కిటికీ కాస్త తెరవాలి, స్టవ్ పైన ఫ్యాన్ వేయాలి. చాలా ట్రైలర్లకు ఆ ఫ్యాన్ గాలి పోయే మూత బయటి గోడకు ఉంటుంది, ప్రయాణంలో కొట్టుకోకుండా దానికి క్లిప్పులు పెడతారు. అవి తీయకుండా లోపల ఎంతసేపు ఫ్యాన్ తిప్పినా దండగే. “వెంటు తెరిస్తే వేడి పోతుంది” అంటారు. పోతుంది, తేమ కూడా పోతుంది. కిలో ప్రొపేన్ కాలితే కిలోన్నరకు పైగా నీటి ఆవిరి వస్తుంది. పొద్దున అద్దాల మీంచి దుప్పట్ల మీద కారేది అదే.

“చలికి గ్యాస్ గడ్డకట్టింది” అనేది ఇంకో మాట. ప్రొపేన్ మైనస్ 42 డిగ్రీల దాకా ఆవిరవుతూనే ఉంటుంది. సిలిండర్‌లో అడుగుకు వచ్చినప్పుడు చలికి మంట నీరసిస్తుంది, అంతే. దోసెల కోసం తెచ్చుకునే చిన్న స్టవ్ సంగతి వేరు. దాని డబ్బాలో ఎక్కువగా బ్యూటేన్ ఉంటుంది, సున్నా డిగ్రీల దగ్గరే మొరాయిస్తుంది. ఆ డబ్బాను మంట దగ్గర పెట్టి వెచ్చబెట్టారంటే పేలుతుంది.

కేకు అడుగు మాడి పైన పచ్చిగా ఉంటే ఓవెన్ చెడిపోలేదు. మంట అడుగునే ఉంటుంది మరి. పిజ్జా రాయి ఒకటి వేసి, 20 నిమిషాలు ముందే వేడిచేసి, మధ్యలో గిన్నె తిప్పండి. కొండ మీద బేకింగ్ పౌడర్ కాస్త తగ్గించండి, లేకపోతే పొంగి కుప్పకూలుతుంది. ట్రైలర్ ఒరిగి ఉంటే కేకూ ఒరుగుతుంది. ఎస్టెస్ పార్క్ ఎత్తులో నీళ్లు 92 డిగ్రీలకే మరుగుతాయి కాబట్టి కందిపప్పుకు కుక్కర్ తప్పదు.

నీళ్ల క్యాన్లు ఇంటి నుంచే తెచ్చుకోండి. గడ్డకట్టే చలి ఉన్నప్పుడు పైపుల్లో గులాబీ రంగు యాంటీఫ్రీజ్ (చలికి గడ్డకట్టని ద్రవం) పోసి ఇస్తాం, ఆ కుళాయి తిప్పి చారు పెట్టకండి.