అమ్మ ప్రశ్నకు గోడ మీద జవాబు

"మా అమ్మకు అల్జీమర్స్. ఈ రోజు ఏ వారమని పొద్దున్నుంచి అడుగుతూనే ఉంటుంది. చెప్పిన రెండు నిమిషాలకే మళ్లీ అదే ప్రశ్న. మందులు వాడుతున్నాం. ఇంకేమైనా చేయగలమా?" అని ఒక పాఠకురాలు అడిగారు.

చేయగలం. పాటలు వినిపించడం, నడిపించడం, పాత ఫొటోలు ముందేసుకుని కబుర్లు చెప్పడం మంచివే. నాకు అన్నిటికన్నా ఇష్టమైన పద్ధతి మరొకటుంది. అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త కామెరాన్ క్యాంప్ దాన్ని డిమెన్షియా (అల్జీమర్స్ వంటి మతిమరుపు జబ్బులు) ఉన్నవారికి అనువుగా మలిచారు.

రోజుకో కాగితం చించే క్యాలెండరు అమ్మ కుర్చీకి ఎదురుగా తగిలించండి. "అమ్మా, ఏ వారమో తెలియాలంటే ఎక్కడ చూస్తావు?" అని అడిగి, జవాబు కూడా మీరే చెప్పండి: "క్యాలెండరులో చూస్తాను." ఆమె చేత ఆ మాట అనిపించి, అటు చూసి వారం చదివించండి. వెంటనే మళ్లీ అడగండి. చెబితే అర నిమిషం ఆగి, తర్వాత నిమిషం, రెండు, నాలుగు, ఎనిమిది నిమిషాలు. మధ్యలో చిక్కుళ్లు వలుస్తూ వేరే కబుర్లు చెప్పుకోండి. తడబడితే "ఆలోచించు" అనకుండా జవాబు అందించి, ఆమె చేత చెప్పించి, అంతకు ముందు నెగ్గిన ఎడానికి తిరిగి రండి.

ఇది పనిచేసే తీరే అద్భుతం. 1953లో హెచ్.ఎం. అనే రోగికి మూర్ఛ తగ్గించడానికి మెదడుకు రెండు వైపులా ఉండి కొత్త జ్ఞాపకాలను నిలిపే హిప్పోక్యాంపస్ భాగాలను చాలావరకు తీసేశారు. కొత్త సంగతులేవీ ఆయనకు నిలిచేవి కావు. మనస్తత్వ శాస్త్రవేత్త బ్రెండా మిల్నర్ ఆయన చేత అద్దంలో చూస్తూ నక్షత్రం గీయించారు. రోజురోజుకూ చెయ్యి కుదురుకుంది. ఆయన మాత్రం ఆ పని అంతకు ముందు చేసినట్టే ఎరగరు. జరిగింది గుర్తుంచుకోవడం ఒక వ్యవస్థ, అలవాటు పడటం మరొకటి. అల్జీమర్స్ మొదట దెబ్బతీసేది హిప్పోక్యాంపస్‌ను, దాని పక్కనే ఉండే ఎంటోరైనల్ కార్టెక్స్‌ను. అలవాట్లకు ఆధారమైన బేసల్ గ్యాంగ్లియా వంటి భాగాలు అంతకంటే ఎక్కువ కాలం పనిచేస్తాయి.

ఈ రెండో వ్యవస్థ గడ్డిలో పడే కాలిబాట లాంటిది. పదిమంది నడిస్తే బాట పడుతుంది. అది ఊరికి పోతుందా, ముళ్లపొదలోకా అన్నది గడ్డికి అనవసరం. "సోమవారమా? కాదు. మంగళవారమా?" అని ఊహింపజేస్తే ఆ తప్పుల మీదుగానూ అడుగులు పడతాయి. బడిపిల్లవాడు తప్పు చేసి నేర్చుకుంటాడు, ఎందుకంటే దిద్దిన సంగతి అతనికి గుర్తుంటుంది. ఈ తల్లికి దిద్దుబాటు నిలవదు, తప్పు మాత్రం బాటగా మిగలవచ్చు. అందుకే తప్పు పలకకముందే సరైన మాట అందించాలి. మరీ వెంటవెంటనే అడిగితే ఆ మాట ఇంకా నోట్లోనే ఉంటుంది, నడకే ఉండదు. మరీ ఆలస్యం చేస్తే గడ్డి కమ్మేస్తుంది. ఎడం కొంచెం కొంచెంగా పెంచడంలోని కిటుకంతా ఇదే.

చుట్టాలొచ్చి "నేనెవరో చెప్పుకో" అని పరీక్ష పెట్టడం నాకు కోపం తెప్పిస్తుంది. అయోవా విశ్వవిద్యాలయం పరిశోధకులు 2014లో అల్జీమర్స్ రోగులకు విషాద దృశ్యాలు చూపించారు. చూసినది మరిచిపోయాక కూడా ఆ దుఃఖం వారిలో మిగిలింది. చుట్టం వెళ్లిపోయాక పెద్దావిడకు ప్రశ్న గుర్తుండకపోవచ్చు, చిన్నబోవడం మిగిలిపోవచ్చు. ఎవరో చేతబడి చేశారని తాయెత్తులు కట్టి, చీకటిగదిలో కూర్చోబెట్టేవారూ ఉన్నారు. ఇది నాడీకణాలు చనిపోయే జబ్బు. భయపెడితే అయోమయం పెరగడమే తప్ప ఒరిగేదేమీ లేదు.

ఈ పద్ధతితో జబ్బు తగ్గదు. క్యాలెండరు చూడటం అలవాటైనంత మాత్రాన కళ్లజోడు ఎక్కడ పెట్టిందో గుర్తురాదు. దానికి వేరే బాట వేయాలి. కాబట్టి ఆమెను రోజూ ఎక్కువగా కలవరపెడుతున్న విషయం ఒక్కటే ఎంచుకోండి. జవాబు ఆమె సొంత మాటల్లో, చేతితోనో కంటితోనో చేసే పనితో ముడిపడి ఉండాలి. మర్నాడు మొదటిసారి అడగ్గానే చెప్పగలిగితే అప్పుడు రెండోది మొదలుపెట్టండి. పొద్దున్నే పాత కాగితం చించడం మాత్రం ఇంట్లో ఎవరో ఒకరు మరవకూడదు.