పార చేతికిచ్చారు, పంచాయితీలో చోటివ్వలేదు

వినాయక చవితి దగ్గరపడితే చాలు, తిరుపతి, చిత్తూరు జిల్లాల పోలీస్‌స్టేషన్లలో పీస్ కమిటీ మీటింగులు మొదలవుతాయి. కుర్చీల్లో గుడి పెద్దలు, మసీదు కమిటీవాళ్ళు, మాజీ సర్పంచులు కూర్చుంటారు. చందాలు వసూలు చేసేది, పందిరి వేసేది, నిమజ్జనం రోజు ట్రాక్టర్ ముందు చిందులేసేది కుర్రాళ్ళు. మీటింగులో మాత్రం వాళ్ళు గోడకానుకుని వినాలి: డీజే వద్దు, మసీదు ముందు డప్పులు ఆపండి, చెప్పిన టైముకి విగ్రహం చెరువు చేరాలి.

ఊళ్ళో సఖ్యత కుదిర్చే పనిలో యువతే ముందుండాలన్న మాటకు అంతర్జాతీయంగా ఊపు వచ్చింది 2015లో. ఆ డిసెంబరు 9న జోర్డాన్ చొరవతో ఐరాస భద్రతా మండలి 2250వ తీర్మానం చేసింది. 18 నుంచి 29 ఏళ్ళవాళ్ళను గొడవలు చేసేవాళ్ళుగానో గొడవల్లో నలిగేవాళ్ళుగానో చూస్తే సరిపోదనీ, నిర్ణయాలు జరిగేచోట వాళ్ళూ ఉండాలనీ దాని సారం.

అంతకుముందు మన దేశంలో ఆ ఊసే లేదని కాదు. గొడవలు చల్లార్చడానికి గాంధీ తలపెట్టిన స్వచ్ఛంద దళం శాంతిసేనను వినోబా భావే 1957లో నిలబెట్టారు. గాంధీ శతజయంతి ఏడాది, 1969 సెప్టెంబరు 24న, 37 విశ్వవిద్యాలయాల్లో 40,000 మందితో విద్యార్థుల జాతీయ సేవా పథకం, ఎన్‌ఎస్‌ఎస్ మొదలైంది. శాంతిసేన పలచబడింది, ఎన్‌ఎస్‌ఎస్ వేళ్ళూనుకుంది. ఏడు రోజుల క్యాంపులో పిల్లలు కాలవ పూడిక తీస్తారు, మొక్కలు నాటుతారు, ర్యాలీ చేస్తారు. ఆ కాలవ నీళ్ళ దగ్గరే రెండు వీధులవాళ్ళకు మాటల్లేకుండా పోయాయేమో అడగడం మాత్రం క్యాంపు పనుల్లో ఉండదు. సేవ అనగానే మనకు చీపురూ పారే గుర్తొస్తాయి మరి.

ఇక గొడవల విషయానికొస్తే, యువకుడికి ప్రభుత్వం దగ్గరున్న పాత మందు బైండోవర్. మళ్ళీ జోలికి పోనని తహసీల్దారు ముందు పూచీకత్తు రాసివ్వాలి. ఇదివరకు పాత నేర విచారణ చట్టం సీఆర్‌పీసీలో 107వ సెక్షను, 2024 జూలై 1 నుంచి దాని స్థానంలో వచ్చిన బీఎన్‌ఎస్‌ఎస్‌లో 126. సెక్షను మారింది, తహసీల్దారు ఆఫీసు వరండాలో నిలబడే వయసు పెద్దగా మారలేదు.

పెద్దల రాజీకి ఈ ప్రాంతంలో అంత గౌరవం ఊరికే రాలేదు. ఆంధ్ర రాష్ట్రం ఏర్పడిన రోజుల్లో తిరుత్తణి మాదంటే మాదని రెండు భాషలవాళ్ళూ వీధికెక్కారు. తిరుపతి కూడా తమదేనని తమిళ ఉద్యమకారులు పట్టుబట్టారు. చివరికి రెండు రాష్ట్రాల మధ్య మధ్యవర్తిగా వచ్చిన హెచ్.వి. పటాస్కర్ తీర్పుతో, ఊరినే ప్రమాణంగా తీసుకుని, ఎక్కువమంది ఏ భాష మాట్లాడుతున్నారో చూసి గీత గీశారు. 1960 ఏప్రిల్ 1న తిరుత్తణి తాలూకాలో ఎక్కువ భాగం మద్రాసు రాష్ట్రానికి పోయింది, చెంగల్పట్టు వైపునుంచి సత్యవేడు ప్రాంతం చిత్తూరులో కలిసింది. అంత పెద్ద తగాదా బల్లచుట్టూ కూర్చుని తెంచుకున్నాక, పెద్దలు చూసుకుంటారులే అన్న నమ్మకం బలపడకేం చేస్తుంది?

కాకపోతే సరిహద్దు వేరు, ఊరి మధ్య గీత వేరు. శ్మశానం దారి, హోటల్లో వేరే గ్లాసు, గుడి మెట్లు... వీటిమీద రచ్చబండ తీర్పు ఎవరి పక్షమో దళితవాడలకు బాగా తెలుసు. ప్రతి నెలా 30న జరపాల్సిన పౌరహక్కుల దినం నాడు తహసీల్దారు, ఎస్సై వాడకే వచ్చి వివక్ష ఉందా అని అడుగుతారు. పెద్దవాళ్ళు అంతా బాగానే ఉంది సార్ అంటే తప్పుపట్టలేం, తెల్లారితే అదే రైతు పొలంలో కూలికి పోవాలి. ఈ ముడి కొంతైనా సడలింది ఉద్యోగాలవల్లేనని నా అభిప్రాయం. 2008లో మొదలైన పారిశ్రామికవాడ శ్రీసిటీ ఉన్నది ఆ సత్యవేడు పక్కనే. కంపెనీ బస్సెక్కి డ్యూటీకి పోయే పిల్లో పిల్లాడో ఊరి రైతు ఇచ్చే కూలిమీద బతకడం లేదు. శ్మశానానికి దారి లేదు సార్ అని అధికారి ముందు లేచి చెప్పినా, మర్నాటి జీతం ఆగదు.