జాన్ రాస్ కాదన్న ఒప్పందమే ఇప్పుడు చెరోకీల ఆధారం

అమెరికా ప్రతినిధుల సభలో తమ తరఫున ఒకరిని కూర్చోబెట్టాలని ఓక్లహోమాలోని ఆదివాసీ జాతి ప్రభుత్వం చెరోకీ నేషన్ 2019లో కింబర్లీ టీహీని ఎంపిక చేసింది. 2022 నవంబరులో సభ నియమావళి కమిటీ విచారణ జరిపినా సీటు దక్కలేదు. చెరోకీలు చూపే ఆధారం, తమ తూర్పు భూములను అమెరికాకు వదిలేసిన 1835 డిసెంబరు 29 నాటి న్యూ ఎకోటా ఒప్పందంలోని 7వ అధికరణం. ఆ ఒప్పందమే చెల్లదని పోరాడినవాడు అప్పటి వారి ప్రధాన నాయకుడు జాన్ రాస్.

1790లో పుట్టిన రాస్‌లో చెరోకీ రక్తం ఎనిమిదో వంతే, మిగతాది ఎక్కువగా స్కాటిష్. చెరోకీ భాష అంత ధారాళంగా రాదు. అయినా సామాన్య చెరోకీలు 1828 నుంచి చనిపోయేదాకా అతన్నే నాయకుడిగా ఉంచుకున్నారు. 1814లో ఆండ్రూ జాక్సన్ కింద యుద్ధం చేశాడు. ఆదివాసీలను మిసిసిపీ నదికి పశ్చిమానికి పంపే తరలింపు చట్టంపై 1830లో అధ్యక్షుడిగా సంతకం పెట్టిందీ ఆ జాక్సనే.

రాస్ నమ్ముకున్నది కోర్టులను, వినతిపత్రాలను. చెరోకీ నేలపై జార్జియా రాష్ట్ర చట్టాలు చెల్లవని 1832లో సుప్రీంకోర్టు తేల్చింది కూడా. కానీ జార్జియా లెక్కచేయలేదు, కేంద్రం అమలుకు పూనుకోలేదు. భూములను లాటరీ తీసి పంచేశారు. రాస్ వాషింగ్టన్ నుంచి తిరిగొచ్చేసరికి అతని ఇల్లే లాటరీ గెలిచినవాడి చేతిలో ఉంది.

ఇక నిలవలేమనుకున్న మరో చెరోకీ నాయకుడు మేజర్ రిడ్జ్ వర్గం 50 లక్షల డాలర్లకు తూర్పు భూములన్నీ వదులుకుంటూ సంతకాలు చేసింది. చేసింది ఇరవై మంది చిల్లర, చెరోకీ జాతీయ మండలి అనుమతి లేదు. 15 వేలకు పైగా సంతకాలతో నిరసన పత్రం వాషింగ్టన్‌కు చేరింది. అంతకుముందే, 1836లో, సెనేట్ 31-15తో ఆమోదించేసింది. మూడింట రెండొంతులు కావాలి కనుక, ఒక్కరు అటు తిరిగినా వీగిపోయేది.

1838 వేసవిలో సైన్యం జనాన్ని శిబిరాల్లో కుక్కింది. మొదటి జట్లు ఎండకు, కరువుకు, రోగాలకు అల్లాడాయి. దాంతో తరలింపును శీతాకాలం ముందటి చల్లని రోజులకు జరిపి చెరోకీలకే అప్పగించాలని సైన్యాన్ని నడిపిస్తున్న జనరల్ స్కాట్‌ను రాస్ ఒప్పించాడు. వెయ్యిమందిని తరలించడానికి 65,880 డాలర్ల ఖర్చని అంచనా. నల్లజాతి బానిసలూ ఆ బారుల్లో నడిచారు. రాస్ కూడా బానిసల యజమానే. బయల్దేరడం ఆలస్యమై, మిసిసిపీ నదిలో మంచుగడ్డలు అడ్డుపడి కొన్ని జట్లు ఇల్లినాయ్‌లో చలికి చిక్కుకుపోయాయి. మొత్తం మరణాలు సుమారు 4 వేలని సాధారణ అంచనా. రాస్ భార్య క్వాటీ లిటిల్ రాక్‌లో కన్నుమూసింది. ఆ ఒప్పందంపై సంతకం చేసినందుకు 1839 జూన్ 22న మేజర్ రిడ్జ్‌నూ, అతని కొడుకు జాన్‌నూ, ఎలియాస్ బుడినాట్‌నూ చంపేశారు.

7వ అధికరణం ప్రతినిధి హక్కు ఇస్తూనే, 'కాంగ్రెస్ ఏర్పాటు చేసినప్పుడు' అని మెలిక పెట్టింది. తగాదా అక్కడే. అమెరికాతో 1866లో చేసుకున్న మరో ఒప్పందం, తనకు విరుద్ధం కాని పాత హామీలన్నిటినీ తిరిగి ఖాయం చేసిందని చెరోకీ నేషన్ వాదన. ఆ ఒప్పందం కుదిరిన కొద్ది రోజులకే, ఆగస్టు 1న, రాస్ వాషింగ్టన్‌లో మరణించాడు. ప్రతినిధుల సభకు ఓక్లహోమా నుంచి ఎన్నికయ్యే సభ్యుడికి ఎటూ ఓటేస్తున్న చెరోకీలకు రెండో గొంతు ఎందుకన్నది ఎదురు ప్రశ్న. ఆ హక్కు తమదీ అంటూ మరో చెరోకీ తెగ యునైటెడ్ కీటూవా బ్యాండ్ పోటీకి వచ్చింది.