చీర పీలిక చెప్పే కబురు

చిరంజీవులు బుజ్జికి, చంటికి అమ్మమ్మ ఆశీస్సులు.

ఏసీ పాడైందనీ, మెకానిక్ నాలుగు రోజులు ఆగమన్నాడనీ మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. వెనకాల చంటిగాడి ఏడుపు వినబడింది. రోహిణి కార్తె, భీమవరం, అందులోనూ పై అంతస్తు. ఏడవక ఏం చేస్తాడు పాపం!

ముందు పాత చీర పీలిక ఒకటి బాల్కనీ చువ్వకు కట్టండి. గాలి ఎటు నుంచి వస్తోందో అదే చెబుతుంది.

పొద్దెక్కాక పడమటి నుంచి వేడిగా కొడితే అది వడగాలి. మెట్ట ప్రాంతం మీదుగా వస్తుంది కాబట్టి తడి ఉండదు. అప్పుడు కిటికీలు మూసి, పరదాలు వేసేయండి. గాలాడదని మీ అమ్మ గొణుగుతుంది, అది చిన్నప్పుడూ అంతే. పడమటి వైపు ఒక్క కిటికీ మాత్రం ఓరగా తీసి, దానికి తడి దుప్పటి కట్టండి. గాలి బయటికి పోవడానికి ఎదురుగా ఇంకోటి కాస్త తెరవండి. మన పెంకుటింట్లో మీ తాతయ్య పడమటి గుమ్మానికి వట్టివేళ్ల తడక కట్టి, గంటకోసారి చెంబుతో నీళ్లు చిలకరించేవారు. నీరు ఆవిరవడానికి వేడి కావాలి కదా, దాన్ని వచ్చే గాలిలోంచే లాక్కుంటుంది. కుండలో నీళ్లు చల్లబడేదీ ఇలాగే.

మధ్యాహ్నం తిరిగాక పీలిక అటు నుంచి ఇటు మళ్లి, ఒళ్లు జిడ్డుగా అనిపించిందా? సముద్రపు గాలి వచ్చిందన్నమాట. వెంటనే తడి దుప్పటి తీసేసి కిటికీలన్నీ బార్లా తెరవండి. ఆ గాలిలో అప్పటికే బోలెడు తేమ ఉంటుంది, నీళ్లు చల్లితే ఉక్క పెరగడం తప్ప ఒరిగేదేమీ లేదు. ఒకసారి సాయంత్రం ఐదింటికి తెలివితక్కువగా తడక తడిపాను. ఇల్లు ఇడ్లీ పాత్రయింది.

ఫ్యాన్ గాలిని చల్లబరచదు, మన చెమట ఆర్చుతుంది. ఎవరూ లేని గదిలో అది తిరగడం దండగ. ఫ్రిజ్ తలుపు తెరిచి కూర్చుంటానంటున్నావట, బుజ్జీ. అది లోపలి వేడినంతా వెనక నుంచి మళ్లీ ఆ గదిలోకే వదులుతుందమ్మా. వెనక చెయ్యి పెట్టి చూడు.

అసలు దొంగ మీ నెత్తిమీద ఉన్న శ్లాబు. పగలంతా ఎండ తాగి, అర్ధరాత్రి దాకా కక్కుతూనే ఉంటుంది. పొద్దు వాలాక నాన్నని రెండు మూడు బకెట్లు పొయ్యమనండి. అంతకన్నా మేలు, అసలు దాని మీద ఎండే పడకుండా చూడటం. కొబ్బరి మట్టలు రెండు మోపులు కట్టించాను. ఇంటాయన ఒప్పుకుంటే మేడ మీద పరిపించండి. చెప్పుల్లేకుండా మాత్రం పైకి వెళ్లకండి.

ఎవరికైనా తల తిరిగి, మాట తడబడి, ఒళ్లు కాలిపోతుంటే ఈ చిట్కాలతో కూర్చోకుండా, ఒంటిమీద నీళ్లు పోస్తూ ఆసుపత్రికి తీసుకెళ్లమనండి.

మట్టలతో పాటు మామయ్య ముంజలు కూడా తెస్తున్నాడు. చంటిగాడికి తెల్ల చొక్కా వేయకండి, ఆ మరక వదలదు.

మీ అమ్మమ్మ