చివరి మడి నుంచి వెనక్కి రండి

కడప

పెద్దోడికీ, పాపకూ,

నిన్న రాత్రి ఫోన్ చేసి "జేజినాయనా, కంప్యూటర్ సచ్చిపోయింది" అంటిరి. ఫ్యాన్ తిరుగుతా ఉందా అని అడిగితే తిరుగుతా ఉందంటిరి. ఫ్యాన్ తిరిగేది సచ్చిపోవడం ఎట్లా? తెర మీద బొమ్మ రాలేదు, అంతే. ఫోన్లో చెప్తే నా మాట పూర్తి కాకముందే మీలో ఒకరు ఏదో ఒకటి పీకేస్తారని ఉత్తరం రాస్తున్నా.

మన కేసీ కాలువ తెలుసు కదా, సుంకేసుల దగ్గర తుంగభద్ర నుంచి మళ్లి కడప దాకా వచ్చేది. చివరి మడికి నీళ్లు రాకపోతే రైతు పొద్దున్నే లేచి సుంకేసులకు బస్సెక్కడు. తన మడవ దగ్గర మొదలుపెట్టి గట్టెంబడి పైకి నడుస్తాడు. మడవ తెగిందా, పక్కోడు తిప్పుకున్నాడా, తూముకు చెత్త అడ్డం పడిందా అని చూసుకుంటా పోతాడు. మీకు చివరి మడి మానిటర్. అక్కడి నుంచి వెనక్కి రండి.

మానిటర్ బటన్ దగ్గర లైటు వెలగకపోతే ప్లగ్గు, స్విచ్చు, మానిటర్ వెనక దూరే కరెంటు వైరు చూడండి. వెలిగితే, సీపీయూ నుంచి వచ్చే కేబుల్ పీకేసి మానిటర్ ఒక్కటే ఆపి, మళ్లీ ఆన్ చేయండి. 'నో సిగ్నల్' అనో, కేబుల్ పెట్టమనో అక్షరాలు వస్తే మానిటర్ బాగున్నట్టే. ఏమీ రాకపోతే కేబుల్ మళ్లీ పెట్టి, కంప్యూటర్ నడుస్తుండగా గది చీకటి చేసి, ఫోన్ టార్చి ఏటవాలుగా కొట్టండి. బొమ్మ మసకమసగ్గా కనపడితే తెర వెనకుండే దీపం పోయింది. అది మీ చేతిలో పని కాదు.

తర్వాత కేబుల్. నీలం మూతి ఉన్న వీజీఏ కేబుల్ అయితే లోపల మూడు వరసల్లో పిన్నులుంటాయి, ఒకటి వంగిందేమో చూసి మరలు బిగించండి. మీ సీపీయూలో విడిగా గ్రాఫిక్స్ కార్డు, అంటే బొమ్మ గీసే పలక, ఉంటే కేబుల్ ఆ కార్డుకే పోవాలి. పైన మదర్‌బోర్డుకున్న (అన్ని భాగాలూ తగిలించే పెద్ద పలక అది) దాంట్లో పెట్టి గంటలు గంటలు కొట్టుకున్నోళ్లను చూసినా. ఇంకో చిన్న పరీక్ష: కీబోర్డులో నమ్ లాక్ నొక్కండి. దాని లైటు వెలిగి ఆరుతుంటే లోపల పని జరుగుతున్నట్టే, బొమ్మే బయటికి రావడం లేదు.

ఆ లైటు కూడా మారకపోతే నా అనుమానం ర్యామ్ మీదే, అంటే కంప్యూటర్ పని చేసేటప్పుడు వాడుకునే జ్ఞాపకం పలక మీదే. నేను ఎర్రగుంట్ల దగ్గర నాపరాళ్ల పాలిష్ ఫ్యాక్టరీలో లెక్కలు రాసేవాణ్ణి. బండ పొడి బీరువాలో కాగితాల మీద కూడా పేరుకునేది. ఒక ఏడాది ఇట్లాగే తెర నల్లగా ఉంటే ఒక అంగట్లో మదర్‌బోర్డు పోయిందని 3 వేలు గుంజినారు. మరుసటి ఏడాది మళ్లీ అదే రోగం. సీపీయూను గోనెసంచిలో చుట్టి, ఒళ్లో పెట్టుకుని కడప బస్సెక్కినా. ఈసారి వేరే పిల్లోడు మూత తీసి, ర్యామ్ పలక పీకి, తన టేబుల్ మీదున్న తెల్ల రబ్బరుతో బంగారు రంగు అంచును రుద్ది పెట్టినాడు. బొమ్మ వచ్చేసింది. తీసుకుంది 50 రూపాయలు. ఆ 3 వేల కడుపుమంట నాకింకా చల్లారలేదు.

ర్యామ్‌కూ బొమ్మకూ ఏం సంబంధం అంటారేమో. బటన్ నొక్కగానే విండోస్ రాదు. మదర్‌బోర్డులోని బయోస్ అనే తొలి ప్రోగ్రాం ముందు తన సామాన్లు సరిచూసుకుంటుంది. ర్యామ్ అందకపోతే అక్కడే ఆగిపోతుంది, బొమ్మ గీసే వరకూ పోదు. కొన్ని మదర్‌బోర్డులు బీప్ బీప్ అని చెప్తాయి, కానీ ఇప్పటి డబ్బాల్లో చాలావాటికి ఆ బుల్లి స్పీకరే ఉండదు. నిశ్శబ్దంగా ఉంటే ర్యామ్ బాగుందని అనుకోవద్దు.

మీ నాయన పక్కన ఉన్నప్పుడే మూత తీయండి. ముందు ప్లగ్గు పీకండి, తర్వాత పవర్ బటన్ కొన్ని సెకన్లు నొక్కి పట్టండి, మిగిలిన కరెంటు పోతుంది. డబ్బా ఇనుమును ఒకసారి తాకండి. ర్యామ్ చివర్ల కొక్కేలు తెరిచి పలకను నిటారుగా పైకి లాగండి. రబ్బరుతో ఒకే వైపుకు రుద్ది, పొట్టు బయట దులపండి, సీపీయూలో కాదు. నోటితో ఊదొద్దు, ఎంగిలి పడుతుంది. మళ్లీ పెట్టేటప్పుడు పలకలో ఉండే గంటు, గాడిలో ఉండే బొడిపె ఒకదానికొకటి కలవాలి. కొక్కేలు టక్కున పడేదాకా రెండు చివర్లూ నొక్కండి. రెండు పలకలుంటే ఒక్కొక్కటే పెట్టి చూడండి, ఏది చెడ్డదో తెలుస్తుంది.

ఎస్ఎంపీఎస్ డబ్బాను, అంటే గోడ కరెంటు తీసుకుని లోపలి భాగాలకు పంచే డబ్బాను, మాత్రం ముట్టొద్దు. ప్లగ్గు పీకినా దాని లోపల కరెంటు నిలవ ఉంటుంది. మీ నాయనకు కూడా ఈ మాట చెప్పండి, ఆయనకు స్క్రూడ్రైవర్ దొరికితే ఆగడు.

ఇన్ని చేసినా రాకపోతే ఏ లైటు వెలిగింది, ఎన్ని బీప్‌లు వచ్చినాయి అనేది కాగితం మీద రాసిపెట్టండి, అంగడికి పోయినప్పుడు అది చేతిలో ఉండాలి. మీ జేజి చెనిక్కాయల సంచి పంపిస్తా ఉంది. పోయినసారి మాదిరి దాన్ని సీపీయూ మీద పెట్టి గాలి రంధ్రాలు మూసేయొద్దు.

మీ జేజినాయన