అరవై గజాల ఇంటికి ప్లాన్‌లో చోటెక్కడ?

వెడల్పు 18 అడుగులు, పొడవు 30. లెక్కేస్తే సరిగ్గా అరవై గజాలు. నల్లగొండ, మహబూబ్‌నగర్ పాత గల్లీల్లో తాతల నాటి జాగాను అన్నదమ్ములు పంచుకుంటే ఒక్కొక్కరికి దక్కేది చాలాచోట్ల ఇంతే. 2012లో జీవో 168తో వచ్చిన బిల్డింగ్ రూల్స్ ప్రకారం ఇంత చిన్న ప్లాటుకు కూడా ఇంటి ముందు ఒకటిన్నర మీటరు, అంటే దాదాపు ఐదడుగులు వదలాలి. అక్కడికే పది గజాలు పోయాయి. గల్లీ 12 అడుగులే ఉండి, ఊరు ఎట్లా పెరగాలో ముందే గీసిపెట్టే మాస్టర్ ప్లాన్ దాన్ని 30 అడుగుల రోడ్డుగా చూపిస్తే, ఒక్కోవైపు ఇంకో తొమ్మిది అడుగులు పోతాయి. మిగిలిన 16 అడుగుల్లో వంటిల్లు, మెట్లు, బాత్రూం, పిల్లలు పడుకునే అర్ర ఎట్లా కుదురుతాయి? అందుకే చాలామంది పర్మిషన్ జోలికి పోకుండా కట్టేసుకుంటారు. కాగితం లేదు కాబట్టి బ్యాంకు లోను రాదు. అప్పు వడ్డీ వ్యాపారి దగ్గరే.

ఈ చిక్కు నిన్నటిది కాదు. మద్రాసు ప్రెసిడెన్సీలో 1920లో చేసిన టౌన్ ప్లానింగ్ చట్టమే తర్వాత తెలంగాణకూ వచ్చింది. ఊరిని నివాసం, వ్యాపారం, పరిశ్రమ, వ్యవసాయం అని రంగులేసి విడదీసే పద్ధతి స్థిరపడింది. కూలి చేసుకునేవాళ్ల చిన్న ఇళ్లకు మాత్రం ఆ మ్యాపుల్లో ప్రత్యేకంగా చోటు దొరకలేదు.

చోటు దొరకనివాళ్లు ఊరి చివర పొలాల్లో కొన్నారు. ఎకరం అంటే 4,840 గజాలు. అనుమతి తీసుకుని లేఅవుట్ వేస్తే 30, 40 అడుగుల రోడ్లు, పదిశాతం ఖాళీ స్థలం వదలాలి, డ్రైనేజీ, కరెంటు పెట్టాలి. ఆ ఖర్చంతా గజం ధరలో కలుస్తుంది. అనుమతి లేని ప్లాటు చవక, వాయిదాల మీద కూడా ఇస్తారు. పేదవాడు దాన్నే కొంటాడు, తప్పు పట్టలేం.

ప్రభుత్వాలు ఈ మూలాన్ని వదిలి, కొన్న తర్వాత క్రమబద్ధీకరించే దారి పట్టాయి. ఎల్ఆర్ఎస్ (లేఅవుట్ రెగ్యులరైజేషన్ స్కీమ్) 2007లో వచ్చింది, 2015లో వచ్చింది, 2020లో మళ్లీ వచ్చింది. మూడోసారి మాత్రం దెబ్బ గట్టిగా తగిలింది. 2020 ఆగస్టు 26 నుంచి అనుమతి లేని ప్లాట్ల రిజిస్ట్రేషన్లు ఆపేశారు. బిడ్డ పెళ్లికని ప్లాటు కొనిపెట్టుకున్నవాళ్లకు అమ్ముకునే దారి లేక ఎంత టెన్షనో! అప్పటికే ఒకసారి రిజిస్టర్ అయిన ప్లాట్లకు ఆ ఏడాది చివర్లో సడలింపు ఇచ్చారు.

అదే 2020లో ఇంటి పర్మిషన్లను ఆన్‌లైన్‌లో ఇచ్చే టీఎస్ బీపాస్ చట్టం వచ్చింది. 75 గజాల లోపు జాగాలో ఏడు మీటర్ల ఎత్తు వరకు కట్టుకునేవాళ్లకు పర్మిషన్ అక్కర్లేదు, రూపాయి కట్టి ఆన్‌లైన్‌లో నమోదు చేసుకుంటే చాలు. చిన్న ఇంటిని చట్టం లెక్కలోకి తీసుకున్న సందర్భాల్లో ఇది పెద్దదని నా నమ్మకం. కానీ సులువైంది కాగితమే. ముందు వదలాల్సిన ఐదడుగులు, మ్యాపులో పడిన రోడ్డు గీత అట్లాగే ఉన్నాయి.

ఇళ్ల పథకాలదీ ఇంచుమించు ఇదే కథ. 2007లో మొదలైన రాజీవ్ స్వగృహ కింద నల్లగొండ జిల్లాలో మధ్యతరగతి ఇళ్లకని తీసుకున్న శ్రీవల్లి టౌన్‌షిప్ భూమి చివరికి 2022లో ప్లాట్లుగా వేలానికి వచ్చింది. 2015లో మొదలైన డబుల్ బెడ్రూం ఇల్లు 560 చదరపు అడుగులది, ఉచితం. మంచి ఇల్లే. అయితే మహబూబ్‌నగర్‌కు అవి ఊరి బయట దివిటిపల్లి దగ్గర వచ్చాయి. పొద్దున్నే పట్టణంలో అడ్డా మీద నిలబడాల్సిన కూలీకి ఆటో చార్జీ రోజువారీ ఖర్చే. 2024లో మొదలైన ఇందిరమ్మ ఇళ్ల పథకం సొంత జాగా ఉన్నవాళ్లకు ఐదు లక్షలు ఇస్తోంది. పట్టణాల్లో చాలామందికి సరిపడా జాగా లేదని తేలాక, అరవై గజాల లోపువాళ్లు పైన అంతస్తు వేసుకోవడానికి 2025లో ప్రభుత్వం ఒప్పుకుంది. గల్లీలో ఉన్న కొలతకు తగ్గట్టు రూలే వంగడం అంటే ఇది.

దేశమంతా డ్యాములు, హైదరాబాద్‌లో అపార్ట్‌మెంట్లు కట్టింది పాలమూరు లేబర్. వాళ్ల సొంత పట్టణం మహబూబ్‌నగర్ 2025 జనవరిలో కార్పొరేషన్ అయింది. ఇక మీద గీసే మ్యాపులో బస్టాండుకు, ఆసుపత్రికి, అడ్డాకు నడిచిపోయేంత దూరంలో అరవై గజాల ప్లాట్లకు ఒక జోన్ ఉండాలి. అక్కడ పక్కింటితో కలిసిన గోడ, 20 అడుగుల గల్లీ, మూడంతస్తులు చెల్లాలి. ముసాయిదా బయటపెట్టినప్పుడు అభ్యంతరాలకు గడువు ఇస్తారు. ఆ రోజుల్లో కూలి పోయినా సరే, ఆఫీసుకు వెళ్లి తమ గల్లీ మీద ఏ రంగు వేశారో, ఎన్ని అడుగుల గీత గీశారో చూసి, అభ్యంతరం రాసిచ్చి రావాలి.