ఆర్కిటెక్చర్ అంటే ఏది?

పిల్లలూ,

సాఫ్ట్‌వేర్ ఆర్కిటెక్చర్ అంటే ఏమిటని అడిగారు. ఇన్నేళ్లు ప్రోగ్రాములు రాసినా ఒక్క వాక్యంలో చెప్పమంటే నాకు టెన్షనే. ఈ రంగంలో పండిపోయినవాళ్లదీ ఒకే మాట కాదు లెండి.

భాగాలు, వాటి అమరిక, అలా ఎందుకు అమర్చామన్న కారణాలు, ఈ మూడూ కలిస్తే ఆర్కిటెక్చర్ అని 1992లో పెర్రీ, వుల్ఫ్ అనే ఇద్దరు పరిశోధకులు అన్నారు. చాలామంది ఆ మూడోదాన్ని వదిలేసి డబ్బాలు, గీతలు గీసి చూపిస్తారు. అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ ఐఎస్ఓ వాళ్ల 42010 ప్రమాణం 'వ్యవస్థ మౌలిక లక్షణాలు' అంటుంది. ఏది మౌలికమో ఎవరు తేల్చాలి? రాల్ఫ్ జాన్సన్ అనే కంప్యూటర్ శాస్త్రవేత్త అయితే, ముఖ్యమైనవేవో అవే ఆర్కిటెక్చర్, అవి ఏవైనా సరే అనేశాడు. తప్పించుకున్నట్టు ఉంటుంది కానీ నాకు నచ్చింది అదే. ఏది ముఖ్యమో తేల్చడానికి గ్రేడీ బూచ్ అనే సాఫ్ట్‌వేర్ ఇంజనీరు ఒక కొలత ఇచ్చాడు: మార్చాలంటే ఎంత ఖర్చవుతుంది?

ఆ కొలత పెట్టి చూడండి. మెమరీ ఖరీదుగా ఉన్న రోజుల్లో 1970 సంవత్సరాన్ని 70 అని రెండంకెల్లో దాచారు. అప్పుడది చిన్న పొదుపు, అంతే. తర్వాత వయసు లెక్కలు, వడ్డీ లెక్కలు, ఫైళ్లు, ఒక కంప్యూటర్ నుంచి ఇంకోదానికి వెళ్లే డేటా, అన్నీ ఆ రెండంకెలనే నమ్ముకున్నాయి. 2000 దగ్గరపడేసరికి 00 అంటే 1900 అనుకునే ప్రోగ్రాములు ఎక్కడెక్కడ ఉన్నాయో వెతకడానికే తలప్రాణం తోకకొచ్చింది. దిద్దడానికి ప్రపంచమంతా కలిపి వేల కోట్ల డాలర్లు పోశారు. ఏ డిజైన్ బొమ్మలోనూ డబ్బాగా కనిపించని నిర్ణయం అది!

నిర్వచనం చేతికి చిక్కనిది ఇందుకే. ఒక నిర్ణయం మీద ఎన్ని ఆధారపడతాయో అది తీసుకున్న రోజు తెలియదు. మారేలా ఉన్న నిర్ణయాన్ని ఒక్క మాడ్యూల్‌లోనే, అంటే ప్రోగ్రాములోని ఒక విడి భాగంలోనే, దాచిపెట్టమని డేవిడ్ పార్నస్ అనే కంప్యూటర్ శాస్త్రవేత్త 1972లోనే చెప్పాడు. తేదీల లెక్కంతా ఒక్కచోటే ఉంటే దిద్దుబాటు చాలా తేలికయ్యేది. అయితే బయటివాళ్లకు పంపేసిన డేటాను ఏ మాడ్యూల్‌లోనూ దాచడం కుదరదు, అక్కడ మాత్రం మొదట్లోనే జాగ్రత్తపడాలి.

ఇలాంటిదే ఇంకొకటి దారిలో ఉంది. 1970 జనవరి 1 నుంచి గడిచిన సెకన్లను ప్లస్, మైనస్ గుర్తుతో కలిపి 32 బిట్లలో (0, 1 అంకెల 32 గడుల్లో) లెక్కపెట్టే వ్యవస్థల్లో 2038 జనవరి 19న ఆ లెక్క నిండిపోతుంది. చాలాచోట్ల 64 బిట్లకు మార్చేశారు, పాత పరికరాల్లో ఇంకా మిగిలే ఉంది. అప్పటికి మీరు ఉద్యోగాల్లో ఉంటారు కాబట్టి, ఆ కోడ్ తెరిచినప్పుడు సమయం ఎన్ని చోట్ల ఎలా దాచారో ముందు లెక్కపెట్టండి.

మీ తాతయ్య